స్వభావమెరిగిన పనిలోనే సంతృప్తి

మూడేళ్ల క్రితం కనుమ పండుగనాటి ఉదయం, గోదావరి ఒడ్డున నేను అర్చకత్వం నిర్వహిస్తున్న శివాలయానికి ఒక అమ్మాయి వచ్చింది. పండక్కి సొంతవూరు వచ్చినట్లుంది. పళ్లెంలో కొబ్బరికాయ, మారేడు దళాలు పెట్టి, గోత్రనామాలు చెప్పింది. "ఏమని సంకల్పం చెప్పమంటావు తల్లీ?" అని అడిగాను.

"ఉద్యోగం గురించి పంతులుగారూ" అన్నది.

"ఉద్యోగప్రాప్తికా?"

"కాదండీ, ఉద్యోగం ఉంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏడేళ్లుగా చేస్తున్నాను. జీతం కూడా బాగానే ఉంది."

"అయితే ఉద్యోగాభివృద్ధికి చెబుతాను."

"అభివృద్ధి కూడా అయిందండీ. పోయిన ఏడాదే ప్రమోషన్ ఇచ్చారు. అప్పటి నుంచే నాకు నిద్ర పట్టడం లేదు" అని తల వంచుకున్నది.

చేతిలోని మారేడు దళాలు చేతిలోనే ఉండిపోయాయి. నలభై ఏళ్లకు పైగా భక్తుల తరఫున సంకల్పం చెబుతున్నవాడిని. ఆయువు, ఆరోగ్యం, ఐశ్వర్యం, సంతానం, వివాహం, విద్య, వ్యవసాయం, వ్యాపారం, ఉద్యోగం... అన్నింటికీ మాటలు నాలుక మీదే ఉంటాయి. చేస్తున్న పనిలో తృప్తి కలగాలని కోరే మాట మాత్రం నాకు అలవాటైన సంకల్పంలో లేదు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. ఆ రోజు నాకు తోచిన మాటలతో ఏదో కూర్చి చెప్పి, అర్చన అయిన తరువాత ఆ అమ్మాయిని మండపంలో కూర్చోమన్నాను. ఒక అరగంట మాట్లాడుకున్నాం. ఆమెకు నేను చెప్పినది కొంచెమే. ఆమె వెళ్లిన తరువాత నాలో నేను తర్కించుకున్నది ఎక్కువ. మీ ఇళ్లలోనూ ఇటువంటి బిడ్డలు ఉండి ఉంటారు కనుక ఆ ఆలోచనలను మీ ముందుంచుతున్నాను.

గీతలోని ఒక మాట

స్వధర్మం గొప్పదన్న బోధ భగవద్గీతలో ప్రధానంగా రెండుచోట్ల కనిపిస్తుంది. మూడవ అధ్యాయంలో 35వ శ్లోకం ఒకటి, పద్దెనిమిదవ అధ్యాయంలో 47వ శ్లోకం మరొకటి. పరుల ధర్మాన్ని చక్కగా నెరవేర్చడం కంటె, కొంత లోపం ఉన్నా తన ధర్మాన్ని ఆచరించడమే శ్రేయస్కరమన్నది రెండింటిలోనూ ఉన్న భావం. అయితే రెండవచోట పరమాత్మ ఇంకొక మాట చేర్చాడు. ఆ మాట స్వభావం. స్వభావం చేత నిర్ణయమైన కర్మను చేసేవానికి దోషం అంటదన్నాడు. మూడవ అధ్యాయంలో కూడా, స్వధర్మం ప్రస్తావనకు రెండు శ్లోకాల ముందే, ఎంతటి జ్ఞాని అయినా తన ప్రకృతిని అనుసరించే ప్రవర్తిస్తాడని హెచ్చరించాడు. ఆ వరుసను మనం గమనించాలి. ముందు ప్రకృతి, తరువాత ధర్మం.

స్వధర్మమంటే తాతతండ్రుల వృత్తి అని తేల్చి పుస్తకం మూసేవారు ఉన్నారు. వారితో నాకు ఏకీభావం లేదు. నాలుగవ అధ్యాయంలో భగవానుడు గుణాన్నీ కర్మనూ పేర్కొన్నాడు గాని, అక్కడ జన్మ అనే మాట వాడలేదు. బ్రాహ్మణుడై పుట్టిన ద్రోణుడు ధనుర్విద్యకు ఆచార్యుడైనాడు. రాజుగా పుట్టిన విశ్వామిత్రుడు బ్రహ్మర్షి అయినాడు. తండ్రి గోత్రమేదో తెలియదని నిజం చెప్పిన సత్యకామ జాబాలిని, ఆ సత్యాన్నే అర్హతగా తీసుకుని గౌతమ మహర్షి శిష్యునిగా స్వీకరించినట్లు ఛాందోగ్యోపనిషత్తు చెబుతున్నది. ఈ వివాదం ఇప్పట్లో తెగేది కాదు. సభల్లో ఈ విషయం మీద పెద్దలతో నేను మాటపడిన సందర్భాలూ ఉన్నాయి. అది అలా ఉంచి, మన ప్రస్తుతాంశానికి వద్దాం.

మౌనంగా కూర్చున్న ఋత్విక్కు

సోమయాగాన్ని కళ్లారా చూసినవారు మీలో తక్కువమందే ఉంటారు. అందులో 16 మంది ఋత్విక్కులు ఉంటారు. వారిలో ప్రధానులు నలుగురు. హోత ఋగ్వేద మంత్రాలను పఠించి దేవతలను ఆహ్వానిస్తాడు. అధ్వర్యుడు యజుర్వేది. నేల కొలవడం, వేదిని సిద్ధం చేయడం, పాత్రలు, సమిధలు, నీరు సమకూర్చడం, ఆహుతి వేయడం అతని పని. ఒక్క క్షణం కుదురుగా కూర్చునే వీలుండదు. ఉద్గాత సామగానం చేస్తాడు. అతనికి కంఠమే ఐశ్వర్యం.

నాలుగవవాడు బ్రహ్మ. చూడవచ్చినవారికి ఈయన ఏమీ చేయనట్లే కనిపిస్తాడు. దక్షిణ దిక్కున కూర్చుని, చాలావరకు మౌనంగా ఉంటాడు. మా చిన్నతనంలో ఇటువంటి క్రతువులు చూసినప్పుడు, "ఆయనకు కూడా దక్షిణ ఇస్తారా?" అని పిల్లలం గుసగుసలు పోయేవాళ్లం. తీరా తెలుసుకుంటే, మిగిలిన ముగ్గురి పనీ ఆయనకు తెలిసి ఉండాలి. ఎక్కడ స్వరం తప్పినా, ఎక్కడ క్రమం తప్పినా కనిపెట్టి, ప్రాయశ్చిత్తంతో సరిదిద్దే బాధ్యత ఆయనది. ఆయన మౌనాన్ని వీడి అకాలంలో మాట్లాడితే యజ్ఞం ఒంటికాలితో నడిచే మనిషివలె కుంటుపడుతుందని ఛాందోగ్యం చెబుతున్నది.

ఆ అమ్మాయి తన ఉద్యోగం గురించి చెప్పుకుపోతుంటే నాకు ఈ బ్రహ్మ గుర్తుకు వచ్చాడు. ఇతరులు రాసిన ప్రోగ్రాములు బయటకు వెళ్లే ముందు వాటిలో తప్పులు వెతకడం ఆమె మొదటి ఆరేళ్ల పని. "ఒక తప్పు పట్టుకోవడానికి రాత్రి రెండింటి వరకు కూర్చున్నా అలసట తెలిసేది కాదండీ. దొరికిన రోజున పండుగలా ఉండేది" అన్నది. ఆ పని బాగా చేసినందుకే ఆమెను పన్నెండుమంది మీద పెద్దను చేశారు. ఇప్పుడు పొద్దున్న తొమ్మిది నుంచి ఫోను సమావేశాలు. ఒకరిని తొందరపెట్టాలి, ఒకరిని బుజ్జగించాలి, పైవారికి గడువులు చెప్పాలి. "ఫోను మోగితే కడుపులో తిప్పుతుంది పంతులుగారూ."

బ్రహ్మస్థానంలో కుదురుగా కూర్చున్నవారిని లేవదీసి, మెచ్చుకోలుగా హోత పీట మీద కూర్చోబెట్టారన్నమాట. పిలిచినవారిది దురుద్దేశం కాదు. కూర్చున్నవారిదీ అసమర్థత కాదు. పీట మారింది, అంతే. యజ్ఞశాలలో ఎవరూ బ్రహ్మకు హోతగా ఉన్నతి కల్పించరు. బ్రహ్మ బ్రహ్మగానే పెద్దవాడవుతాడు. మన కార్యాలయాలలో మాత్రం పని బాగా చేసినవానికి ఆ పని తీసివేయడమే బహుమానమైంది!

విరాటుని కొలువులో ఆరుగురు

స్వభావానికి తగిన పనిని ఎంచుకోవడం గురించి మన వాఙ్మయంలో విరాటపర్వం కంటె మంచి పాఠం నాకు కనిపించలేదు. తిక్కన సోమయాజి మహాభారతాంధ్రీకరణాన్ని ఈ పర్వంతోనే ఆరంభించాడు. పన్నెండేళ్ల అరణ్యవాసం ముగిసింది. ఇక ఒక్క ఏడాది అజ్ఞాతవాసం. ఎవరి కంటనైనా పడితే మళ్లీ పన్నెండేళ్లు అడవులే గతి. అటువంటి గడ్డు సమయంలో ధర్మరాజు ఒక్కొక్క తమ్ముణ్ణీ పిలిచి, నీవు ఏ పని చేయగలవని అడుగుతాడు. రాజ్యాలేలినవారు, రాజసూయం చేసినవారు, కూలికి కుదరడానికి ఆలోచన చేస్తున్నారు.

వారిలో ఒక్కడు కూడా తనకు రాని పనిని, లోకం మెచ్చే పని కదా అని ఎంచుకోలేదు. ధర్మరాజు కంకుభట్టై విరాటునికి జూదంలో తోడు కూర్చున్నాడు. జూదంలో సర్వం పోగొట్టుకున్న మనిషి మళ్లీ పాచికలు ముట్టుకున్నాడేమిటని మీరు అనుకోవచ్చు. అరణ్యంలో బృహదశ్వ మహర్షి వద్ద అక్షహృదయమనే విద్యను నేర్చుకున్నాడు కనుక. ఒకప్పుడు తనను పడగొట్టిన లోపాన్నే విద్యగా మార్చుకున్నవాడు ఆయన. భీముడు వలలుడై వంటశాలలో చేరాడు. నకులుడు దామగ్రంథిగా గుర్రాలను, సహదేవుడు తంత్రీపాలుడుగా గోవులను చూసుకున్నారు. ద్రౌపది సైరంధ్రిగా కేశాలంకరణ, మాలలల్లడం, గంధం తీయడం చేపట్టింది.

అర్జునుని సంగతి ఇంకా ఆలోచింపదగినది. అతని గొప్పతనమంతా గాండీవంలో ఉంది. ఆ గాండీవాన్ని ఈ ఏడాది పట్టడానికి వీల్లేదు. శమీవృక్షం మీద దాచవలసి వచ్చింది. ఏటా విజయదశమినాడు మనం ప్రదక్షిణ చేసే జమ్మిచెట్టు ఆ జ్ఞాపకమే. ఆయుధం చెట్టెక్కింది కదా అని అతడు నిర్వ్యాపారంగా కూర్చోలేదు. స్వర్గంలో ఉన్నప్పుడు చిత్రసేనుడనే గంధర్వుని వద్ద సంగీత నృత్యాలు అభ్యసించి ఉన్నాడు. ఊర్వశి శాపాన్నే మరుగుగా చేసుకుని, బృహన్నల రూపంలో ఉత్తరకు నాట్యం నేర్పాడు. మనిషికి దేవుడిచ్చిన శక్తి ఒక్కటే ఉండనక్కరలేదు. వెలుగులో ఉన్న శక్తికి దారి మూసుకుపోయినప్పుడు నీడలో ఉన్న రెండవ శక్తి అన్నం పెడుతుంది. ఉద్యోగం పోయిన నడివయసువారు నా వద్దకు వచ్చి కూర్చున్నప్పుడు నేను ఈ జమ్మిచెట్టు కథే చెబుతాను. కొందరు వింటారు. కొందరు విసుక్కుంటారు.

ఇక్కడ ఒక నిజాన్ని కూడా దాచకూడదు. తగిన పని దొరికినంత మాత్రాన తగిన కొలువు దొరికినట్లు కాదు. సైరంధ్రి పనిలో లోపం లేదు. అయినా కీచకుని దుర్మార్గం ఆమెను వెంటాడింది. కంకుభట్టు మాటలో తప్పు లేదు. అయినా విరాటుడు కోపించి పాచికతో ముఖాన కొడితే నెత్తురు చిందింది. మీ బిడ్డ దుఃఖానికి కారణం పనా, ఆ పని చేయించుకునే మనుషులా అన్నది ముందు విడదీసి చూడండి. రెండవదైతే స్వభావం గురించి ఎంత విచారించినా ఫలితం ఉండదు. అక్కడ వెదకవలసింది వేరే గడప.

అదే పర్వంలో ఉత్తర కుమారుడున్నాడు. అంతఃపురంలో పలికిన ప్రగల్భాలకూ, కౌరవసేనను చూడగానే రథం దూకి పరుగెత్తడానికీ మనం తరతరాలుగా నవ్వుకుంటున్నాం. ఉత్తర కుమార ప్రగల్భాలని సామెత కూడా పుట్టింది. ఆ తరువాత జరిగినది మాత్రం ఎవరూ చెప్పుకోరు. అర్జునుడు అతణ్ణి వెనక్కు తెచ్చి, విల్లు తాను పట్టి, పగ్గాలు అతని చేతికిచ్చాడు. ముందు వణికినా, ఆ పారిపోయిన పిల్లవాడే భీష్మద్రోణ కర్ణుల ఎదుట రథం తోలాడు. విల్లు చేతిలో ఉన్నంతసేపు పిరికివాడు, పగ్గాలు అందుకున్నాక సారథి! మనిషి అదే, యుద్ధమూ అదే.

పనితనం ఉంటే చాలునా అంటే చాలదు. దానికి శల్యుడే సాక్షి. అశ్వవిద్యలో శ్రీకృష్ణునికి సాటి రాగలవాడని కోరి కోరి కర్ణునికి సారథిగా పెట్టుకున్నారు. మనసొప్పని పని. తన రాచరికానికి తక్కువన్న బాధ. రథం నడుపుతూనే కర్ణుణ్ణి మాటలతో కుళ్లబొడిచాడు. చేతికి వచ్చిన పని, మనసుకు రాని పని అయినప్పుడు ఎట్లా ఉంటుందో కర్ణపర్వం చదివినవారికి నేను చెప్పనక్కరలేదు.

అడిగితేగాని తెలియని బలం

మరి తన స్వభావం తనకు ఎందుకు తెలియదు? వాల్మీకి మహర్షి దీనిని రెండుచోట్ల చూపించాడు.

కిష్కింధాకాండ చివర సముద్రపు ఒడ్డున వానరవీరులు తమ తమ శక్తులు చెప్పుకుంటారు. గజుడు పది యోజనాలు దూకగలనన్నాడు. గవాక్షుడు ఇరవై అన్నాడు. అలా పెరుగుతూ జాంబవంతుడు తొంభై వరకు వచ్చాడు. అంగదుడు నూరు యోజనాలు దూకగలనుగాని తిరిగి రాగలనో లేదో అన్నాడు. ఎవరి కొలత వారికి తెలుసు. హనుమంతుడు మాత్రం ఒక పక్కన మాట్లాడకుండా కూర్చున్నాడు. బాల్యంలో ఋషుల శాపం వల్ల తన బలం తనకు జ్ఞాపకం రాదని ఉత్తరకాండ చెబుతుంది. జాంబవంతుడు వచ్చి గుర్తుచేయవలసి వచ్చింది.

రెండవది యుద్ధకాండలోని నలుని వృత్తాంతం. ఇతడు విశ్వకర్మ కుమారుడు. సేతువు కట్టగల నేర్పు అతనిలో ఉంది. కాని సముద్రుడు బయటపెట్టేవరకు నోరు విప్పలేదు. అడగకుండా తన గుణాలు తాను చెప్పుకోలేదని తరువాత వివరణ ఇచ్చాడు. సముద్రుడే ఆ మాట చెప్పకపోతే అంతటి శిల్పి రాళ్లు మోసే వేలాది వానరులలో ఒకడుగా మిగిలిపోయేవాడు. అతని ఆధ్వర్యంలో మొదటిరోజు 14 యోజనాలు, తరువాత వరుసగా 20, 21, 22, 23 యోజనాలు, మొత్తం నూరు యోజనాల సేతువు ఐదు రోజులలో పూర్తయింది. రోజురోజుకూ పని పెరిగిందే గాని తగ్గలేదు, గమనించారా? స్వభావానికి తగిన పనిలో అలసట కంటె ఉత్సాహమే ముందు నడుస్తుంది.

సులువుగా వచ్చినదానిని మనం శక్తిగా లెక్కపెట్టం. చెమటోడ్చి సంపాదించినదే విద్య అనుకుంటాం. ఆ అమ్మాయి కూడా, "తప్పులు పట్టడం ఏం గొప్పండీ, కంటికి కనిపిస్తాయి" అన్నది. అందరి కంటికీ కనిపించవని ఆమెకు తెలియదు. అందుకే జాంబవంతుడు కావాలి. మీ ఇంటిలో ఆ పాత్ర మీదే కావచ్చును.

మా తమ్ముడు

ఇకమీదట చెప్పేది సొంత గొడవ. పాఠకులు మన్నించాలి.

మా నాన్నగారు కోనసీమలో కృష్ణయజుర్వేద ఘనాపాఠి. తైత్తిరీయ సంహితలోని ఏడు కాండలు, 44 ప్రశ్నలు ఆయన కంఠంలో ఉండేవి. వేదమంత్రంలోని పదాలను విడదీసి చెప్పేది పదపాఠం. రెండేసి పదాలు కలుపుకుంటూ పోయేది క్రమం. ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు అని ముందుకూ వెనక్కూ అల్లేది జట. దానికి మూడవ పదాన్ని కూడా పెనవేసి చెప్పేది ఘనం. ఇంతటి కట్టుదిట్టం వల్లనే ఒక్క స్వరం కూడా జారకుండా వేదం నేటివరకు నిలిచింది. 2003లో యునెస్కో సంస్థ వేదపఠన సంప్రదాయాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించడానికి కారణమూ ఈ మౌఖిక సంప్రదాయమే.

నాకు సంత త్వరగా పట్టుబడింది. నాకంటె ఆరేళ్లు చిన్నవాడైన మా తమ్ముడికి పట్టుబడలేదు. నాన్నగారు ఒకసారి చెబితే మేము రెండుసార్లు చెప్పాలి. వాడు మొదటిసారి సగంలో ఆగిపోయేవాడు. క్రమం దగ్గరకు వచ్చేసరికి కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. నాన్నగారు ఊళ్లో లేని రోజుల్లో వాడికి సంత చెప్పే బాధ్యత నాది. పదిహేను, పదహారేళ్ల అహంకారం నాది. తొడపాశాలు పెట్టాను. "నీ వల్ల మన ఇంటి పేరు పోతుందిరా" అన్నాను. ఎప్పుడు చూసినా వంటింట్లో అమ్మ దగ్గర ఉండేవాడు. పులుసు మరుగుతుంటే వాసన చూసి ఉప్పు చాలలేదని చెప్పేవాడు. అది మాకు ఒక వేళాకోళం.

పద్నాలుగేళ్లకు వాడు పెళ్లిళ్లకు వంట చేసే బృందంతో కాకినాడ వెళ్లిపోయాడు. ఘనాపాఠి కొడుకు గరిటె పట్టాడని ఊరంతా అనుకున్నారు. ఎనిమిదేళ్లపాటు నాన్నగారు వాడి పేరు ఎత్తలేదు. తరువాత అమ్మ బతిమాలితే రాకపోకలు మొదలయ్యాయి గాని, తండ్రీకొడుకుల మధ్య నాలుగు మాటలకు మించి ఉండేవి కావు.

1998లో నాన్నగారికి జబ్బు చేసింది. గొంతు దిగువకు ఏదీ దిగేది కాదు. మేము ఏది పెట్టినా బయటకు వచ్చేది. కబురు అందుకుని తమ్ముడు వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లి, పాతబియ్యం దోరగా వేయించి, రవ్వ చేసి, జావ కాచాడు. శొంఠి, జీలకర్ర, చిటికెడు సైంధవ లవణం. మొదటి చెంచా నోట్లో పోసి నాన్నగారి ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. రెండోరోజు శొంఠి తగ్గించాడు. మూడోరోజు కాస్త మజ్జిగ తేట కలిపాడు. నాన్నగారు పదిరోజులు తిన్నారు.

ఒకనాటి సాయంత్రం నాన్నగారు వాణ్ణి పిలిచి, "ఇందులో ఏమేమి వేశావురా?" అని అడిగారు. వాడు చెప్పాడు. ముందు ఏది వేగాలో, దాని వెనక ఏది పడాలో, ఆ రెండూ తారుమారైతే రుచి ఏమవుతుందో, రోగి గొంతుకు ఎందుకు పట్టదో, పావుగంటసేపు వివరించాడు. వాడు అంతసేపు మాట్లాడటం మేము ఎన్నడూ వినలేదు. నాన్నగారు కళ్లు మూసుకుని విని, నావైపు తిరిగి, "వీడికి క్రమం రాదనుకున్నాం. వీడికి వచ్చిన క్రమం మనకు రాదురా" అన్నారు.

తమ్ముడు లేచి కుంపటి దగ్గరకు వెళ్లిపోయాడు. నేను పెట్టిన తొడపాశాల ప్రస్తావన వాడు ఈనాటికీ తీసుకురాలేదు. నేను ఎత్తబోతే, "ఇప్పుడెందుకన్నయ్యా అదంతా" అని మాట మార్చేస్తాడు.

మంచి వంటను మనం నలభీమపాకం అంటాం. నిషధరాజైన నలుడు, పాండవులలో రెండవవాడైన భీముడు, ఇద్దరూ రాజ్యభ్రష్టులై, పేరు మార్చుకుని, పరాయి కొలువులో వంట చేసిన రోజుల వల్ల వచ్చిన మాట అది. రూపం మారి బాహుకుడై ఉన్న నలుణ్ణి దమయంతి గుర్తించడానికి అతను వండిన వంట రుచి కూడా ఒక ఆనవాలైంది. ముఖం మారినా చేతిపని మారలేదు. ఇంతటి మాటను పెళ్లి భోజనాల దగ్గర రోజూ పలుకుతూ, వంటకు వెళ్లాడని ఒక పిల్లవాణ్ణి వెలివేసినంత పని చేశాం.

తల్లిదండ్రులకు ఒక విన్నపం

అన్నప్రాశననాడు మనం ఒక వేడుక చేస్తాం. పుస్తకం, కలం, బంగారం, కత్తి, పూలు వంటివి పరిచి పసిబిడ్డను వదిలిపెడతాం. దేనిని పట్టుకుంటాడా అని ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూస్తాం. ఆరు నెలల బిడ్డ ఇష్టానికి ఇచ్చిన ఈ విలువ, పదో తరగతి పూర్తయిన పిల్లవానికి ఇస్తున్నామా? అప్పటికి వాడు దేనివైపు పాకుతున్నాడో పదిహేనేళ్లుగా కళ్లెదుట కనిపిస్తూనే ఉంటుంది. అయినా ఎంపీసీయా, బైపీసీయా అన్న ప్రశ్న తప్ప మూడో వస్తువును వాడి ముందు పెట్టం. జాతకం పట్టుకుని నా దగ్గరకు వస్తారు. దశమస్థానం చూడమంటారు. చూస్తాను, అది నా విధి. కాని పిల్లవాణ్ణి చూశారా అని అడిగితే చాలామంది తెల్లబోతారు.

పని మార్చుకునే వీలు లేనివారి సంగతేమిటని మీరు అడగవచ్చు. ఇంటి అప్పు, పిల్లల చదువులు, ముసలి తల్లిదండ్రులు. ఇవి కాదనలేని బాధ్యతలు. వీటిని వదిలి స్వభావం వెంట పరుగెత్తమని నేను చెప్పను. అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుని కథ ఇటువంటివారికోసమే అనిపిస్తుంది. కోపదృష్టితో కొంగను కాల్చిన కౌశికుడనే తపస్వి, ఒక గృహిణి చెప్పగా జ్ఞానం కోసం మిథిలకు వెళ్లి, మాంసం అమ్ముకునే దుకాణం ముందు నిలబడతాడు. ధర్మవ్యాధునికి ఆ వృత్తి వంశపారంపర్యంగా వచ్చింది. అది గొప్పదని అతడు వాదించలేదు. తాను స్వయంగా ప్రాణిని చంపనని, తూకంలో మోసం చేయనని, వచ్చినదానితో ముసలి తల్లిదండ్రులను దేవతలుగా కొలుస్తున్నానని చెప్పాడు. పని ఉన్నచోటనే ఉంది. ఆ పనిలో తనకు తగిన భాగమేదో, తగనిదేదో విడదీసుకున్నాడు. మనమూ అంతమాత్రం చేయగలం. రోజులో ఒక గంట అయినా స్వభావానికి తగిన పని మీద చేయి పడేలా చూసుకోవచ్చు. ఏ పనికైనా కొంత దోషం అంటుకునే ఉంటుందని, అగ్నికి పొగ ఉన్నట్లేనని గీత కూడా ఒప్పుకున్నది. హోమగుండం ముందు నాలుగు దశాబ్దాలుగా కూర్చున్నవాడిని. నా కళ్లు మండని హోమం ఒక్కటీ లేదు.

స్వభావం తెలుసుకోవడానికి నేను చెప్పే ఉపాయం చిన్నది. ఒక మండలం, అంటే 40 రోజులు, సాయంసంధ్య దీపం పెట్టిన తరువాత ఒక చిన్న పుస్తకంలో రెండు పంక్తులు రాయండి. ఈ రోజు ఏ పని చేస్తుండగా కాలం తెలియలేదు? ఏ పని కోసం ఇతరులు నన్ను వెదుక్కుంటూ వచ్చారు? ఆదివారమైనా, ఇంటిపనైనా, గుడిలో ప్రసాదం పంచిన పనైనా సరే రాయండి. పొగడ్తలు రాయవద్దు, జీతం లెక్కలు రాయవద్దు. మండలం పూర్తయ్యాక మీరు చదవకుండా, మీ మేలు కోరే ఒక పెద్దవారి చేత చదివించండి. మన అక్షరాల్లో మన ముఖం మనకంటె వారికే బాగా కనిపిస్తుంది. రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు మళ్లీ మళ్లీ వచ్చిందంటే అక్కడ కాసేపు ఆగి ఆలోచించవలసిందే. ఒక్కటే వచ్చి రెండోది రాకపోతే అది సరదా కావచ్చు, లేదా కేవలం అలవాటు కావచ్చు.

ఆ అమ్మాయికి కూడా ఇదే చెప్పాను. పాత పని మళ్లీ అడిగితే వెనక్కు వెళ్లినట్లుంటుందేమోనని సంకోచించింది. తప్పులు కనిపెట్టేవారికి కూడా వారి కంపెనీలో పై మెట్లు ఉన్నాయట, అడగడానికే జంకు. బ్రహ్మ కూర్చునే దక్షిణ దిక్కును చూపించి, అది వెనక వరుస కాదమ్మా అన్నాను. నవ్వింది. ప్రసాదం తీసుకుని వెళ్లిపోయింది.

మరుసటి ఏడు మహాశివరాత్రికి మళ్లీ కనిపించింది. అభిషేకాల రద్దీలో మాట్లాడే తీరిక లేదు. గోత్రనామాలు నాకు గుర్తుండటంతో, పోయినసారి కూర్చిన మాటలతోనే సంకల్పం ఎత్తుకోబోయాను. ఆమె చేతులు జోడించి, "ఈసారి అది కాదు పంతులుగారూ, మా అమ్మ మోకాళ్ల నొప్పులకు చెప్పండి" అన్నది.